పొడి అడవుల్లో ఏది ఏ రకమో గుర్తుపట్టడం ఎలా?

అడిగింది క్లుప్తంగా ఇది: "అర్ధశుష్క ఉష్ణమండల అడవుల్లో మొక్కల వైవిధ్యం మీద ప్రాజెక్టు చేయాలి. ఏప్రిల్‌లో ఒకసారి వెళ్లొచ్చాను. ఎటు చూసినా మోడుల్లాంటి చెట్లు, ముళ్లపొదలు. పుస్తకంలో బోలెడు రకాల అడవులున్నాయి, నాకు మాత్రం ఒక్కటే కనిపించింది. అసలు వీటిలో వైవిధ్యం ఉందా? రకాల్ని ఎలా విడదీయాలి?"

ముందు టెన్షన్ వదిలేయండి. ఏప్రిల్‌లో వెళ్తే ఎవరికైనా అంతే. నా మొదటి సర్వే నేనూ ఎండాకాలంలోనే చేశాను. ఆకుల్లేని చెట్లలో బెరడు బూడిదరంగులో కనిపించిన ప్రతిదాన్నీ "గుంపెన" అని రాసేసుకున్నాను. వానలు పడ్డాక అదే దారిలో నడిస్తే, వాటిలో కొన్ని గుంపెన కానే కాదని ఆకులే చెప్పాయి. అంతకన్నా సిగ్గుపడిన విషయం వేరే ఉంది. ఏప్రిల్‌లో "నేల మీద ఏమీ లేదు" అని రాసిన చోట సెప్టెంబరులో అడుగు పెట్టడానికి సందు లేదు. గడ్డి జాతులు, చిన్న చిన్న ఏకవార్షికాలు, దుంపల నుంచి లేచిన తీగలు. ఆ డేటా షీట్ ఇప్పటికీ దాచుకున్నాను, కొత్తగా వచ్చిన పిల్లలకు చూపించడానికి.

ఇక అసలు విషయం. పొడి అడవి అంటే వాన తక్కువ పడే అడవి అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. వేడి, వాన లెక్కలతో నేలలను రకాలుగా విడదీసే హోల్డ్‌రిడ్జ్ పద్ధతిలో ఏడాదికి 250 నుంచి 2,000 మిల్లీమీటర్ల వాన పడే చోట్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. 2,000 అంటే తక్కువేం కాదు కదా. ఒక ఏడాదిలో నేల నుంచీ ఆకుల నుంచీ ఆవిరైపోగల నీరు, పడే వాన కన్నా ఎక్కువగా ఉండాలి. దాంతోపాటు నాలుగు నెలలో, ఆరు నెలలో, ఇంకా ఎక్కువో వరసగా ఎండు కాలం ఉండాలి. అర్ధశుష్కం అన్నప్పుడు ఈ పరిధిలో కింది కొసకు వచ్చామన్నమాట. ఉష్ణ, ఉపోష్ణ మండలాల అడవుల్లో దాదాపు 42 శాతం పొడి అడవులేనని మర్ఫీ, లూగో అనే పరిశోధకులు 1986లో లెక్కగట్టారు. అడవి అనగానే మన మనసులో మెదిలేది మాత్రం ఎప్పుడూ తడిసిపోయి పచ్చగా ఉండేదే.

నా అనుభవంలో ఒక ప్రశ్న పట్టుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి: వాన ఆగిపోయాక ఇక్కడ వేళ్లకు అందేంత లోతులో నీరు ఎన్నాళ్లు నిలుస్తుంది? వాన ఎంత పడిందన్నది ఆ తర్వాతి మాట. ఒకే మబ్బు కింద తడిసిన రెండు గుట్టల మీద రెండు వేర్వేరు అడవులు ఉండటానికి కారణం ఇదే. మీ "వైవిధ్యం ఉందా" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

ఒక ప్లాట్ (కొలిచి హద్దులు గీసుకున్న ముక్క) వేసి జాతులు లెక్కపెడితే పొడి అడవి పేదగానే కనిపిస్తుంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో 1988 నుంచి 50 హెక్టార్ల శాశ్వత ప్లాట్ ఒకటి నడుస్తోంది. అందులో చెట్లు, పొదలు అన్నీ కలిపి సుమారు 70 జాతులు. మలేషియాలోని పాసో వానల అడవిలో సరిగ్గా అంతే విస్తీర్ణం ఉన్న ప్లాట్‌లో 800కు పైగా. ఈ రెండు అంకెలు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు, "పొడి అడవిలో పెద్దగా ఏమీ లేదు" అనేస్తారు. మెక్సికో, కరీబియన్ దీవుల నుంచి అర్జెంటీనా వరకు ఉన్న పొడి అడవుల జాబితాలు 1,602 కలిపి చూసిన డ్రైఫ్లోర్ బృందం 2016లో తేల్చింది ఏమిటో చూడండి: కలప కాండం ఉన్న జాతులు మొత్తం 6,958. అవి ఒకదానికొకటి పోలికలేని 12 వృక్ష సమూహాలుగా విడిపోయాయి. అన్నిచోట్లా కనిపించే జాతులు బహు తక్కువ. అంటే ఒక్కో ముక్కలో జాతులు కొద్దే, కానీ ముక్క మారితే జాతులు మారిపోతాయి. మీరు ఒకే ప్లాట్ ఎంత పెద్దది వేసినా ఈ సంగతి బయటపడదు.

ఈ రంగంలో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆల్విన్ జెంట్రీ పేరు తెలుసుకోకపోతే లాభం లేదు. హెక్టారులో పదోవంతు స్థలంలో, 2.5 సెంటీమీటర్ల లావున్న సన్నటి కాండాన్ని కూడా వదలకుండా లెక్కపెట్టే పద్ధతిని ఎన్నో దేశాల్లో అమలు చేశాడు. తడి అడవుల్లో వాన పెరిగేకొద్దీ జాతులు పెరుగుతాయి. పొడి అడవుల్లో అలా పెరగడం లేదని ఆయన డేటాలో తేలింది. ఇది మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాదు, గుట్టలు ఎక్కిదిగుతుంటే మెల్లగా అర్థమవుతుంది. ఈక్వడార్‌లో మిగిలిన అడవులను సర్వే చేస్తూ 1993లో విమాన ప్రమాదంలో పోయాడు.

దగ్గర్లో ఉన్న ఉదాహరణ కావాలంటే తూర్పు కనుమల దక్షిణ కొస, అంటే శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలు చూడండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద ఆ కొండల్లోనే, అదీ ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాళ్ల మీది పలుచటి నేలల్లో. తెల్లకరక, కొండసాంబ్రాణి జాతి బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా, సైకస్ బెడ్డోమీ కూడా అక్కడివే. ఆ కొండల వరస దాటి అంతే వాన పడే ఇంకో అడవికి వెళ్లండి, ఇవి సహజంగా పెరుగుతూ కనిపించడం కష్టం.

రకాల సంగతికి వద్దాం. మన దేశంలో అందరూ వాడేది ఛాంపియన్, సేథ్ 1968లో సవరించి ఇచ్చిన వర్గీకరణ. మొత్తం 16 ప్రధాన వర్గాలు. మీకు కావలసినవి మూడే: ఐదోది పొడి ఆకురాల్చే అడవులు, ఆరోది ముళ్ల అడవులు, ఏడోది పొడి సతతహరిత అడవులు. ఈ మూడింటి కింద ఉపరకాలు బోలెడు, వాటికి కోడ్‌లు ఉంటాయి. మీ పుస్తకంలో చూసి బెదిరిపోయింది వాటినే. కోడ్‌లు బట్టీ పట్టకండి, నేలను చూడటం అలవాటు చేసుకోండి.

పొడి ఆకురాల్చే అడవిలో చెట్లు ఒకదాని కొమ్మలు ఒకదానికి తగిలీ తగలకుండా ఉంటాయి, కింద గడ్డి ఉంటుంది, ఎండాకాలంలో దాదాపు అన్నీ ఆకులు రాలుస్తాయి. నల్లమద్ది, చిరుమాను, తునికి, బిల్లు, మోదుగ, సోమి లాంటివి కలగలిసి ఉంటే మిశ్రమ రకం. మట్టి లోతుగా ఉండి నీరు నిలవకుండా దిగిపోయే చోట టేకు బలంగా ఉంటుంది. మట్టి జానెడు కూడా లేని రాతి నేలలో నారేపి ఒక్కటే వరసగా నిలబడి ఉంటుంది, పక్కన ఇంకో చెట్టుకు చోటిచ్చినట్టే ఉండదు. ఎండ మాడ్చేసే రాళ్ల శిఖరాల మీద అందుగు. గుట్ట అడుగు నుంచి పైకి ఎక్కుతుంటే ఈ మార్పు కళ్లముందే జరుగుతుంది. మధ్యలో వాగు దాటితే ఇంకో లోకం. ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, కానుగ పచ్చగా ఉంటాయి, పది అడుగులు పైకెక్కితే మోడులు. వాన మాత్రం అందరికీ అంతే పడింది.

ముళ్ల అడవి ఇంకా పొడిచోట్ల ఉంటుంది, సాధారణంగా 750 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలల్లో. చెట్టు పొట్టిది, కాండం మొదటి నుంచే చీలుతుంది, కొమ్మలు గొడుగులా విచ్చుకుంటాయి. సండ్ర, తెల్లతుమ్మ, చిగర, రేగు, వెలతురు, బలుసు, మధ్యమధ్య బొమ్మజెముడు. ఆకులు చిన్నవి, చాలావాటివి చింతాకులా చిన్న చిన్న రెబ్బలుగా చీలినవి. చిన్న రెబ్బ అతిగా వేడెక్కదు, గాలి దాని చుట్టూ తేలిగ్గా తిరిగి వేడిని లాగేస్తుంది. చిక్కుడు కుటుంబం ఈ అడవుల్లో ఇంత బలంగా ఉండటానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా ఒక కారణం మాత్రం అవును.

మూడోది నాకు చాలా ఇష్టమైన చిక్కు. కోరమాండల్ తీరం వెంబడి, శ్రీహరికోట నుంచి దక్షిణంగా కొన్నిచోట్ల పొడి సతతహరిత అడవి ముక్కలు మిగిలి ఉన్నాయి. అక్కడా ఎండు కాలం ఆరు నెలలు ఉంటుంది. అయినా చెట్లు ఆకు రాల్చవు. మానిల్‌కారా జాతి పాల, అల్లి, నేరేడు, ఇలా పొట్టిగా, దట్టంగా, చీకటిగా ఉంటుంది. ఎందుకంటే ఆ తీరంలో వాన ప్రధానంగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో, దానికి ముందు నైరుతి కాలంలోనూ కొంత పడుతుంది. తోలులా మందమైన చిన్న ఆకులు ఆ కాస్త నీటినీ పొదుపుగా వాడుకుంటాయి. ఏడాది మొత్తం వాన లెక్క ఒక్కటే చూసి అడవి రకం చెప్పేద్దామనుకునేవాళ్లను ఈ అడవి ముందు నిలబెట్టాలి.

ఇక్కడ ఒక గొడవ ఉంది, మీ రిపోర్టులో తప్పక తగులుతుంది. చెట్లు దూరదూరంగా ఉండి కింద గడ్డి నిండా ఉన్నదాన్ని అడవి అనాలా, సవన్నా అనాలా? మన వర్గీకరణలు కలప కోసం అడవిని చూసినవాళ్లు రాసినవి కాబట్టి చెట్టు ఉంటే అడవి అన్నాయి. పర్యావరణ శాస్త్రవేత్త జయశ్రీ రత్నం, సహచరులు 2011 నుంచి దీన్ని గట్టిగా ప్రశ్నిస్తున్నారు. మన పొడి ఆకురాల్చే అడవులనేవాటిలో చాలా భాగం నిజానికి సవన్నాలేనని వాళ్ల వాదన. నేను వాళ్ల వైపే మొగ్గుతాను. చూడాల్సింది పైన ఆకుల గొడుగును కాదు, కింద గడ్డిని. ఎండను కోరే గడ్డి, ఉదాహరణకు ప్యాంటుకు గుచ్చుకుపోయే ముల్లుగింజల హెటెరోపోగాన్, తెంపు లేకుండా పరుచుకుని ఉందా? చెట్ల బెరడు మందంగా ఉందా? కాలిన మొదళ్ల నుంచి మళ్లీ చిగుళ్లు లేచాయా? ఇవన్నీ ఉంటే అక్కడ మంట కొత్త చుట్టం కాదు, ఇంటిమనిషే.

బ్రెజిల్ ఈశాన్యంలోని కాటింగా దీనికి సరిగ్గా రెండో వైపు. టూపీ భాషలో ఆ మాటకు తెల్ల అడవి అని అర్థం. ఆకులు రాలాక తెల్లటి కాండాలే మిగులుతాయి కాబట్టి ఆ పేరు. అక్కడ నాగజెముడు బంధువులు, ముళ్ల చెట్లు దట్టంగా ఉంటాయి. నిండా పరుచుకున్న గడ్డి ఉండదు, అందుకే మంట పాకదు. అలాంటి చోటికి మంట వస్తే తట్టుకునే గుణం ఆ మొక్కలకు లేదు. కోస్టారికాలోని గ్వానకాస్టెలో సరిగ్గా ఇదే జరిగింది. పశువుల కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన జరాగ్వా గడ్డి అంతటా పాకింది, ఏటా మంటలు, అడవి తిరిగి లేవలేకపోయింది. జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్, ఆయనతో పనిచేసినవాళ్లు మంటలను ఆపడం మీదే శ్రద్ధ పెట్టారు. చాలాచోట్ల గాలికి ఎగిరొచ్చిన విత్తనాలతోనే అడవి మళ్లీ మొదలైంది. కాబట్టి "మంట మంచిదా చెడ్డదా" అని ఎవరైనా అడిగితే, ఏ రకం నేలలో అని ఎదురు అడగండి.

ఇప్పుడు మీకు కనిపించిన ముళ్లపొదల గురించి. అది సహజమైనదా, చెడిపోయిన అడవా? ఛాంపియన్, సేథ్ కోడ్‌లలో డీఎస్ అని ఉంటే క్షీణదశ అని అర్థం. పాత సర్వేల్లో పొద కనిపిస్తే చాలు ఆ ముద్ర వేసేయడం అలవాటైపోయింది. నేను చూసేది ఇలా: నేల దగ్గర వంగి మొదళ్లు వెతుకుతాను. లావుపాటి పాత మొద్దు నుంచి నాలుగైదు సన్నటి కాండాలు లేచి ఉంటే అది నరికిన చెట్టు. మీకు పొదలా కనిపిస్తుంది, పక్కనే నరకని చోట అదే జాతి ఇరవై అడుగులుంటుంది. బందారు, తంగేడు, లాంటానా, సర్కారు తుమ్మ మాత్రమే ఎక్కువగా ఉండి, అడవి చెట్ల పిల్లమొక్కలు అసలు లేకపోతే అనుమానం బలపడుతుంది. అలా కాకుండా బండ పైకి తేలి ఉంది, మొద్దులు లేవు, ఒక్కో పొదా ముదురుగా, మెలికలు తిరిగి ఉంది అంటే అది తన సహజ రూపంలోనే ఉంది. దాన్ని బంజరు అని రాసి గుంటలు తవ్వి మొక్కలు నాటే పథకాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మోడుల్లాంటి చెట్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అక్కడే అసలు ఆసక్తి ఉంది. అవన్నీ ఒకేలా నిద్రపోవడం లేదు. స్థూలంగా రెండు రకాలు. కొండగోగు లాంటి వాటి కలప తేలిక, మెత్తన, స్పాంజిలా నీళ్లు దాచుకుంటుంది. వాన ఆగగానే ఆకులు రాల్చేసి, దాచుకున్న నీటితో ఎండల్లో ఒంటి మీద ఆకు లేకుండానే పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది. నారేపి, బిల్లు లాంటి వాటి కలప ఇనుములా గట్టిది. నీటి దాపకం తక్కువ, నేల ఎండిపోతున్నా లాగుతూనే ఉండగల ఓపిక ఎక్కువ. వేలిగోరు గుచ్చి చూస్తేనే తేడా తెలిసిపోతుంది. ఇంకో విచిత్రం: చాలా చెట్లు మొదటి వాన కోసం ఆగవు. ఎండలు మండిపోతున్నప్పుడే, వానకు నెల ముందే చిగురిస్తాయి. పగటి పొడవు పెరగడాన్ని సూచనగా తీసుకుంటాయని పరిశోధకులు చెబుతున్నారు. వాన వచ్చేసరికి ఆకు సిద్ధంగా ఉంటే, ఉన్న నాలుగు తడి నెలల్లో ఒక్క రోజూ వృథా కాదు.

జెముడుల విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. బొమ్మజెముడు, నాగజెముడు రెండూ ముళ్లతో, ఆకుల్లేని పచ్చటి కాండంతో ఉంటాయి కాబట్టి రెండూ కాక్టస్ అని రాస్తారు. చిన్న గాటు పెట్టండి. తెల్లటి పాలు కారితే అది యూఫోర్బియా, ఇక్కడిదే. పాలు కంట్లో పడకుండా చూసుకోండి, మంట మామూలుగా ఉండదు. పాలు రాకుండా జిగట నీరు మాత్రమే వస్తే నాగజెముడు, అమెరికా ఖండం నుంచి మనుషులు తెచ్చింది. అమెరికాలో కాక్టస్‌లు నిలబడిన చోట ఆఫ్రికా, ఆసియాల్లో యూఫోర్బియాలు నిలబడ్డాయి. మడగాస్కర్ దక్షిణాన అల్లువాడియాలనే మూడో వంశం ముళ్ల స్తంభాల్లా లేచింది. చుట్టరికం దూరమే, కరువు మాత్రం అందరినీ ఒకే అచ్చులో పోసింది.

ప్రాజెక్టు ఎలా చేయాలో చెప్తాను. ఒక పెద్ద ప్లాట్ ఆలోచన మానేయండి. 50 మీటర్లు × 20 మీటర్ల ప్లాట్లు, హెక్టారులో పదోవంతు, ఎనిమిదో పదో వేయండి. వాగు ఒడ్డు, అడుగు వాలు, రాతి శిఖరం, నల్లరేగడి, ఇలా నేల మారిన ప్రతిచోటా కనీసం రెండు. కాండం లావు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. 10 సెంటీమీటర్ల పైవాటినే లెక్కిస్తే ఈ అడవిలో సగం కథ పోతుంది. 2.5 నుంచి మొదలుపెట్టండి, ఎక్కుడు తీగలను కూడా కలపండి. ఒకే మొద్దు నుంచి లేచిన కాండాలన్నీ ఒకే చెట్టు కింద రాసి, ఒక్కోటి విడిగా కొలవండి. లేకపోతే నరికిన అడవి చాలా దట్టమైన అడవిగా లెక్క తేలుతుంది, ఈ తప్పు అచ్చయిన పేపర్లలో కూడా చూశాను. ఇనుప ఊచ ఒకటి వెంట ఉంచుకుని ప్రతి ప్లాట్‌లో నాలుగైదు చోట్ల దించి మట్టి లోతు రాయండి. ఖర్చు లేని పని, జాతులు ఎందుకు మారాయో చివర్లో చెప్పేది ఎక్కువగా అదే.

గడ్డి, గుల్మాల కోసం మీటరు చదరాలు విడిగా, వానాకాలంలో మాత్రమే. ఒక్కసారే వెళ్లగలిగితే ఏప్రిల్ వద్దు, ఆగస్టు చివర నుంచి అక్టోబరు మధ్యలో వెళ్లండి. రెండుసార్లు కుదిరితే రెండోది ఫిబ్రవరి, మార్చి. ఆకుల్లేని పూలు అప్పుడే.

పేర్ల దగ్గర జాగ్రత్త. "పాల" అని ఒకరు చెబితే అది మానిల్‌కారా కావచ్చు, ఇంకో ఊళ్లో అదే మాట రైటియా అనే వేరే చెట్టుకు వాడతారు. వినబడిన పేరు రాసుకోండి, పక్కనే కొమ్మ నమూనా కూడా నొక్కి పెట్టుకోండి. ఆకు లేనప్పుడు బెరడే దిక్కు: నల్లమద్దిది మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది, తునికిది కాలిన బొగ్గు ముక్కలు అతికించినట్టు నల్లగా, తపసిది తెల్లగా నున్నగా కాగితంలా ఊడుతుంది. అందుగుది కూడా పొరలుగా ఊడుతుంది కానీ గీరితే సాంబ్రాణి వాసన కొడుతుంది. మోదుగకు గాటు పెడితే ఎర్రటి జిగురు.

సెప్టెంబరులో వెళ్లొచ్చాక గుర్తుపట్టలేనివి ఇక్కడ పెట్టండి, చూస్తాను. ప్రతి చెట్టుకు బెరడు ఫోటో ఒకటి, ఆకు అడుగువైపు ఒకటి, చెట్టు మొదట్లో నేల కనిపించేలా ఒకటి. మూడోది మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది అదే.